అడ్డా కూలీలు ముందు చేయించుకోవాల్సిన కాగితాలు

పాలమూరు నుంచి శంషాబాద్, కొత్తూరు వైపు బిల్డింగ్ పనికొచ్చారా? ముందు కాగితాలు సరిగ్గా పెట్టుకోండి. రేషన్ కార్డు ఊరిదే అయినా ఇక్కడి షాపులో వేలిముద్ర వేసి బియ్యం తెచ్చుకోవచ్చు. సిమెంటు పనికి వేళ్లు అరిగి మెషిన్ తీసుకోకపోతే కార్డులో పేరున్న ఇంకొకరిని పంపండి.

తర్వాత లేబర్ కార్డు, అంటే నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు నమోదైనట్టు ఇచ్చే కార్డు. 18 నుంచి 60 ఏళ్ల లోపువాళ్లు, గడిచిన 12 నెలల్లో 90 రోజులు నిర్మాణ పని చేసుంటే చాలు, ఈ కార్డు చేయించుకోవచ్చు. మేస్త్రీ ‘ఇప్పుడెందుకులే’ అన్నా వినకండి, ప్రమాదం జరిగితే ఇంటివాళ్లకు సాయం అడగడానికి ఇదే ఆధారం. అసంఘటిత కార్మికుల కోసం కేంద్రం పెట్టిన ఈ-శ్రమ్ పోర్టల్‌లో కూడా పేరు నమోదు చేయించుకోండి, అది ఫ్రీ.

ఇక హాజరు: తేదీ, సైటు, తీసుకున్న అడ్వాన్సు ఏరోజుకారోజు నోట్‌బుక్కులో రాసి మేస్త్రీతో సంతకం పెట్టించండి, వారం లెక్కలప్పుడు గొడవంతా అక్కడే.