ట్యాంకుల బ్లీచింగ్ ఎంత వేయాలె? బకెట్‌తో తేల్చుకునే లెక్క

మా మునుగోడు దిక్కు ట్యాంకు కాడికి పోయి బ్లీచింగ్ ఎంత వేస్తున్నవ్ అన్నా అని అడిగితే ట్యాంకు చూసుకునేటాయన "ఒక డబ్బా" అంటడు, ట్యాంకు నిండినా సగమున్నా, ఎండాకాలమైనా వానాకాలమైనా అదే డబ్బా. తర్వాత ఒకరోజు మందు వాసనకు నీళ్లు నోట్లె పెట్టలేకపోతున్నం అని సర్పంచ్‌కు ఫోన్లు. లెక్క కష్టమేం కాదు, ఐదో తరగతి గుణకారం వస్తే చాలు.

ముందు ట్యాంకుల నీళ్లెన్నో తెలవాలె. గుండ్రటి ట్యాంకైతే లోపలి అడ్డకొలత మీటర్లల్ల కొలిచి, దాన్ని దాంతోనే గుణించి, నీళ్ల ఎత్తుతోని గుణించి, మళ్లా 0.785తోని గుణిస్తే ఘనపు మీటర్లు వస్తయ్, ఒక ఘనపు మీటరంటే 1000 లీటర్లు. 4 మీటర్ల అడ్డకొలత, 3 మీటర్ల నీళ్లు ఉంటే 37.7, అంటే 37,700 లీటర్లు. అందరూ 40 వేల ట్యాంకు అంటరు గానీ నీళ్లు గంతే.

పీపీఎం అంటే వెయ్యి లీటర్లకు ఒక గ్రాము. వెయ్యి లీటర్లు ఎన్ని ఉన్నయో దాన్ని పీపీఎంతోని, మళ్లా 100తోని గుణించి, పౌడర్ల క్లోరిన్ శాతంతోని భాగించాలె. 2 పీపీఎం కావాలె, పౌడర్ 25 శాతం అనుకుంటే 37.7 × 2 × 100 ÷ 25 = 302 గ్రాములు.

అసలు తిప్పలంతా ఆ శాతం కాడనే. కొత్త సంచిల 33 శాతం దాకా ఉంటది, మూతి తీసి నెల రోజులు షెడ్డుల పడేస్తే తేమకు, ఎండకు దిగిపోతది, సంచి మీద రాసింది నమ్ముకుంటే మునిగినట్టే. అందుకే నేను బకెట్ పద్ధతే చెప్త. అదే సంచిలకెళ్లి 40 గ్రాములు తూకమేసి లీటరు నీళ్లల్ల కలిపి అరగంట పక్కకు పెట్టండి, ప్లాస్టిక్ దాంట్లనే, ఇనుపది వద్దు. పైన తేరిన నీళ్లు తీస్కోండి. ఐదు బకెట్లల్ల 10 లీటర్ల చొప్పున ట్యాంకు నీళ్లు పట్టి, సిరంజితోని 1, 2, 3, 4, 5 ఎంఎల్ వేసి కలిపి, అరగంట తర్వాత క్లోరోస్కోప్‌తోని, అంటే నీళ్లల్ల మిగిలిన క్లోరిన్ ఎంతో రంగుతోని చూపే చిన్న కిట్‌తోని, చూడాలె. ఓటీ (ఆర్థోటోలిడిన్ అనే మందు) చుక్కలు వేయంగనే వచ్చే పసుపు రంగు చూడాలె, లేట్ చేస్తే రంగు మారుతది. మిగిలిన క్లోరిన్ 0.5 పీపీఎం దగ్గర ఏ బకెట్ల వస్తే దాని ఎంఎల్‌ను 4తోని గుణించండి, వెయ్యి లీటర్లకు అన్ని గ్రాముల పౌడర్. రెండో బకెట్ వచ్చిందనుకోండి, 8 గ్రాములు, 37.7కు 302 గ్రాములే. మంచి ముచ్చటేందంటే శాతం తెలవకపోయినా పర్వాలేదు, సంచి మాత్రం అదే ఉండాలె. వాన పడి నీళ్లు మురికైతే క్లోరిన్ ఎక్కువ తింటది, మళ్లా బకెట్లు పెట్టాల్సిందే.

పౌడర్‌ను నేరుగ ట్యాంకుల గుమ్మరియ్యొద్దు, బకెట్ల కలిపి తేరిన నీళ్లే పోయండి, కింద మిగిలే సున్నం ముద్ద అవతల పారేయండి. మూతికి గుడ్డ కట్టుకోండి, యాసిడ్ పక్కకు కూడా తేవొద్దు.

ఇంకోటి, బ్లీచింగ్‌తోని ఫ్లోరైడ్ పోదు, నీళ్లు కాగబెడితే ఇంకా చిక్కగైతది. ఫ్లోరైడ్ తగ్గించనీకి నాగపూర్ నీరీ (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) వాళ్లు తయారు చేసిన నల్గొండ పద్ధతిల పటిక, సున్నం వేస్తరు, గ్రాముల లెక్క ఇదే: 200 లీటర్ల డ్రమ్ముకు పటిక 300 పీపీఎం కావాలంటే 0.2 × 300 = 60 గ్రాములు, సున్నం దాంట్ల ఇరవయ్యో వంతు, 3 గ్రాములు. కాకపోతే ఆ 300 నేను ఉదాహరణకు వేసింది, ఫ్లోరైడ్ ఎంతుంది, క్షారత ఎంతుంది అన్నదాన్ని బట్టి బోరు బోరుకూ మారుతది, ల్యాబుల టెస్ట్ చేయించినంకనే వేయండి.

క్లోరిన్ వేసిన రోజు చివరి ఇంటి నల్లా కాడ కూడా ఓసారి చూడండి, మిగిలిన క్లోరిన్ 0.2 పీపీఎంకు తగ్గితే ట్యాంకుల డోసు కొంచెం పెంచాలె.