ప్రోబ్ డిజైన్ - 4వ పాఠం: కుడి చేతిని తిరగేసి రాయాలి

పోయిన పాఠంలో మాలిక్యులర్ బీకన్‌కి, అంటే వెతుకుతున్న జన్యు ముక్క (టార్గెట్) దొరికితేనే వెలిగే డీఎన్‌ఏ ప్రోబ్‌కి, మీ సొంత కాడ రాయమన్నాను. ప్రోబ్ రెండు చివర్లలో ఒకదానితో ఒకటి జతపడే ఎడమ చేయి, కుడి చేయి కలిస్తే కాడ; మధ్యలో టార్గెట్‌ను పట్టుకునేది లూప్. ఒక చివర వెలిగే రంగు ఫ్లోరోఫోర్, రెండో చివర దాన్ని ఆర్పే క్వెంచర్ ఉంటాయి. వచ్చిన జవాబుల్లో సగానికి పైగా ఒకటే తప్పు. ఎడమ చేయి బాగానే ఉంది, కుడి చేయి మాత్రం తిరగేయకుండా రాశారు. దీనికి కారణం నేనిచ్చిన ఉదాహరణే. అందుకని ఫ్లోరోఫోర్ల పాఠం వచ్చేసారికి జరుపుతున్నాను. దాంట్లోంచి ఒక్క మాట మాత్రం ఇప్పుడే చెప్తాను: 5′ చివర (ప్రోబ్ మొదలయ్యే చోట) ఫామ్ అనే ఫ్లోరోఫోర్ పెడితే దాని పక్కన జి అక్షరం రాయకండి. జి దాని వెలుగును తగ్గించేస్తుంది. నేనైతే ఎప్పుడూ సి తోనే మొదలుపెడతాను.

పోయినసారి నేనిచ్చిన ఎడమ చేయి సి-జి-ఎ-జి-సి. దాని కుడి చేయి జి-సి-టి-సి-జి. ఇవి రెండూ "వికటకవి" లాంటివి, ఎటు నుంచి చదివినా ఒకటే. జత అక్షరాలను (ఎ కి టి, సి కి జి) వరుసగా దించేసినా, తిరగేసి రాసినా తేడా కనపడదు. దాంతో వరుసగా దించితే చాలని చాలామంది అనుకున్నారు.

ఇప్పుడు మీలో ఒకరు రాసిన కాడ చూద్దాం. ఎడమ చేయి సి-జి-ఎ-సి-సి. జతలు వరుసగా దించి కుడి చేయి జి-సి-టి-జి-జి అని రాశారు. కానీ ప్రోబ్ మడత పడినప్పుడు మొట్టమొదటి అక్షరం చిట్టచివరి అక్షరాన్ని కలుస్తుంది. కలిపి చూడండి:

సి - జి: కుదిరింది
జి - జి: కుదరదు
ఎ - టి: కుదిరింది
సి - సి: కుదరదు
సి - జి: కుదిరింది

ఐదింట్లో మూడే కుదిరాయి, అవి కూడా పక్కపక్కన లేవు. ఈ కాడ నిలబడదు. క్వెంచర్ ఫ్లోరోఫోర్ దగ్గరికి రాదు, టార్గెట్ లేకపోయినా ట్యూబ్ వెలుగుతూనే ఉంటుంది. సరైన కుడి చేయి జి-జి-టి-సి-జి.

దీనికి నా పద్ధతి కాగితం పట్టీ. ప్రోబ్ మొత్తం ఒకే వరుసలో రాసి, 5′ దగ్గర ఎర్ర చుక్క పెట్టి, రెండు చివరలూ ఎదురెదురుగా వచ్చేలా మడవండి. మడత పెట్టేవి ఎంఫోల్డ్ లాంటి సాఫ్ట్‌వేర్‌లున్నాయి, వాడుకోండి, కానీ పట్టీ తర్వాతే. వేలితో జతలు కలిపిన వాళ్లు ఈ తప్పు రెండోసారి చేయడం నేను చూడలేదు.

సరిచేసినంత మాత్రాన ఆ కాడ అన్ని చోట్లా పనికిరాదు. రిఫాంపిసిన్ మందుకి లొంగని క్షయను పట్టడానికి ఆర్‌పీఓ-బీ జన్యువులో 81 అక్షరాల ముక్కను చూస్తారు. అందులో 516వ కోడాన్ (మూడక్షరాల గుంపు) చుట్టూ ఉన్న 21 అక్షరాలకు నేను కట్టిన లూప్ ఇది (ఇది మన అభ్యాసానికే, కిట్‌లో వాడేది కాదు):

జిటిటి జిటిటి సిటిజి జిటిసి సిఎటి జిఎఎ టిటిజి

నాలుగో గుంపుకు ముందున్న జి నుంచి చదవండి: జి-జి-టి-సి. మన ఎడమ చేతిలోని జి-ఎ-సి-సి కి అది నిఖార్సైన జత. అంటే ఎడమ చేయి కుడి చేతిని వదిలేసి లూప్‌నే పట్టుకోవచ్చు. అప్పుడు క్వెంచర్ దూరంగా ఉండిపోతుంది. పాత సి-జి-ఎ-జి-సి తో ఈ గొడవ లేదు. దాన్ని అతికిస్తే 5+21+5, మొత్తం 31 అక్షరాలు. కాడ ఎంత బాగున్నా లూప్ పక్కన పెట్టి చూడనిదే ఖాయం చేయకండి.

ఇంత పట్టింపు ఎందుకంటే మన నమూనా తెమడ, అందులో క్షయ క్రిములు ఉండొచ్చు. సంజయ్ త్యాగి, ఫ్రెడ్ క్రామర్ 1996లో ఈ బీకన్లను ప్రకటించినప్పుడు చూపిన గొప్ప సౌకర్యం, అంటుకోని ప్రోబ్‌ను కడిగేయాల్సిన పని లేకపోవడం. మూత తీయకుండానే ఫలితం చూడొచ్చు. అయితే కడగనప్పుడు మిగిలిన ప్రోబ్ అంతా ట్యూబ్‌లోనే ఉంటుంది, అది చీకటిగా ఉండి తీరాలి. మన ఊళ్లలో సీబీనాట్ అంటున్న క్షయ పరీక్ష మొదటి కార్ట్రిడ్జ్‌లో ఐదు బీకన్లు ఆ 81 అక్షరాలను పంచుకుని కాపలా కాస్తాయి. మార్పు లేని జన్యువుకైతే ఐదూ వెలుగుతాయి. ఒకటి వెలగకపోయినా, బాగా ఆలస్యంగా వెలిగినా మందు పనిచేయదని అనుమానిస్తారు. మనిషికి ఏ మందు ఇవ్వాలో ఆ వెలుగును బట్టే నిర్ణయిస్తారు కాబట్టి, అది ఏ ప్రోబ్ నుంచి ఎందుకు వచ్చిందో మనకు తెలిసి ఉండాలి.

ట్యూబ్ ఎంత చీకటిగా ఉందో కొలిచేటప్పుడు బఫర్ (ప్రోబ్ కలిపే ద్రావణం) వెలుగును రెండు రీడింగుల్లోంచీ తీసేయండి. టార్గెట్ కలిపిన రీడింగ్‌లోంచి బఫర్ తీసేస్తే పైన వేసే అంకె, టార్గెట్ లేని రీడింగ్‌లోంచి బఫర్ తీసేస్తే కింద వేసే అంకె. పైదాన్ని కిందిదానితో భాగించండి.

అభ్యాసం ఒక్కటే, కానీ గంట పడుతుంది. 529 నుంచి 533 వరకు కోడాన్లు ఇవి:

సిజిఎ సిటిజి టిసిజి జిసిజి సిటిజి

దీనికి లూప్, కాడ చేత్తో రాయండి. లూప్ మొదటి అక్షరం, చివరి అక్షరం కలిసి మీ కాడను పొడిగిస్తున్నాయేమో ముందు చూసుకోండి. తర్వాత 531వ కోడాన్ టిసిజి బదులు టిటిజి అయితే మీ లూప్‌లో ఎన్నో అక్షరం దగ్గర జత చెడుతుందో గుర్తు పెట్టండి. మడిచిన పట్టీ పారేయకండి, వచ్చే పాఠంలో ఆ కాడకే రంగు ఎంచుకుంటాం.