కమియామా ఆఫీసుకు వెళ్తున్నారా? ముందు బస్సు టైము చూసుకోండి

జపాన్‌లో పనిచేసే మనవాళ్లను కంపెనీ ఒక్కోసారి తొకుషిమా జిల్లా కొండల్లోని కమియామాకు పంపుతుంది. పాత పల్లెటూరి ఇళ్లనే ఆఫీసులుగా మార్చుకున్న ఊరు అది. సాన్‌సాన్ అనే కంపెనీ 2010లో అక్కడ ఆఫీసు మొదలుపెట్టింది, తర్వాత మరికొన్ని వచ్చాయి. కొండల్లో ఉన్నా ఫైబర్ నెట్ ఉంది కాబట్టి ఆ టెన్షన్ వద్దు.

చూసుకోవాల్సింది ప్రయాణం. ఊళ్లోకి రైలు లేదు. తొకుషిమా స్టేషన్ నుంచి బస్సులో గంటకు పైనే పడుతుంది, బస్సులూ తక్కువే. వెళ్లే బస్సుకన్నా ముందు తిరుగు బస్సు టైము రాసిపెట్టుకోండి. కారు అద్దెకు తీసుకుంటే ఇంకా హాయి, అక్కడా మనలాగే ఎడమవైపు డ్రైవింగే. కాకపోతే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఇండియాలో ఉండగానే ఆర్టీఏ ఆఫీసులో తీసుకోవాలి.

ఇంకో మాట. పాత ఇంట్లోని ఆఫీసంటే గుమ్మం దగ్గరే చెప్పులు విప్పాలి. విప్పిన జతను వాకిలి వైపు ముఖం పెట్టి సర్దండి. చలికాలంలో చెక్క నేల కాళ్లకు జిల్లుమంటుంది, మందపాటి సాక్సులు వేసుకోండి. బాత్రూమ్‌కు వేరే స్లిప్పర్లు ఉంటాయి, వాటితో గదిలోకి రాకండి.

చేతిలో కాస్త నగదు, అందరికీ పంచేలా విడివిడిగా చుట్టిన మిఠాయి పెట్టె ఉంచుకోండి. భోజనంలో పచ్చటి చిన్న సుదాచి కాయ ఇస్తే చేపమీద పిండుకోండి. మన నిమ్మకాయకు చుట్టమే, వాసన మాత్రం దానిదే!