ఉప్పునీటి అంచున నత్తలు – మూడవ పాఠం: మూత ఉందా, లేదా?

గత పాఠంలో పోటు గీతను గుర్తుపట్టడం నేర్చుకున్నాం. అమావాస్య, పౌర్ణమి పోట్లకు ఎక్కిన నీరు దిగిపోయాక ఎండుటాకులు, పుల్లలు వరుసగా మిగిలే చోటు అది. ఈసారి ఆ గీత దగ్గరే కూర్చుందాం. బరంపురం వైపువారికి ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోటు అనువుగా ఉంటుంది. అలలు విరిగే ఇసుకలో వెతక్కండి. ఏటి ఒడ్డున బురదా గడ్డీ కలిసే చోట చూడాలి.

తడిసిన కొయ్యముక్కను నెమ్మదిగా ఎత్తండి. కందిగింజంత మొదలు చింతగింజంత వరకు గోధుమరంగు గుల్లలు కనిపించవచ్చు. ఒకదాన్ని తడి అరచేతిలో పెట్టుకుని, మీ నీడ దాని మీద పడకుండా చూసుకోండి. తొందరపడితే ఈ పాఠం రాదు. కాసేపటికి ముందు పాదం, తరువాత రెండు పొట్టి కొమ్ములు బయటికి వస్తాయి.

అది పాకుతున్నప్పుడు పాదం వెనుక భాగం చూడండి. అక్కడ గోరులాంటి పలుచని బిళ్ల ఉంటే అదే మూత. నత్త లోపలికి ముడుచుకున్నప్పుడు ద్వారాన్ని మూసేది అదే. మూత ఉన్నవి ఇక్కడ చాలావరకు మొప్పల జాతివి. మూత లేకపోతే భూతద్దం తీసి కన్ను చూడండి. తోటలో తిరిగే నత్తకు కన్ను పొడవాటి కొమ్ము కొనన ఉంటుంది. మనం వెతికే ఎల్లోబిడే కుటుంబపు నత్తలకు కొమ్ము మొదట్లో నల్లని చుక్కలా ఉంటుంది. వీటికి మొప్పలు లేవు, గుల్ల కింది గదే ఊపిరితిత్తి. అందుకే ఈ కుటుంబంలోని మెలాంపస్ వంటివి పోటు పెరిగేకొద్దీ గడ్డి కాడలు పట్టుకుని పైకి పాకుతాయి. అయినా వాటికి సముద్రంతో బంధం తెగలేదు: మెలాంపస్ పిల్లలు తొలి రోజులు నీటిలో ఈదుతూనే గడుపుతాయి. నాకు ఈ సంగతి ఎన్నిసార్లు తలుచుకున్నా కొత్తగానే ఉంటుంది.

ఒక జాగ్రత్త: గుల్లలోంచి గోళ్లున్న కాళ్లు వస్తే అది నత్త కాదు, ఖాళీ గుల్లలో చేరిన పీత.

చూడడం అయ్యాక నత్తను ఎక్కడ తీశారో అక్కడే వదలండి. కొయ్యను తడి వైపు కిందికి ఉండేలా మునుపటిలాగే పెట్టండి. తిరగేసి వదిలితే ఆ ఎండకు దాని కింద బతికేవన్నీ ఎండిపోతాయి.

వచ్చే పాఠంలోగా పది నత్తలను చూసి మూత, కన్ను, పోటు గీతకు ఎన్ని అడుగుల దూరం అనే మూడు సంగతులూ రాసి ఉంచండి. అప్పుడు గుల్ల నోటిలోని పళ్ల దగ్గరికి వెళదాం.