వానలకు ముందు కారుకి వ్యాక్స్ వేస్తున్నారా? ముందు పెయింట్ సంగతి చూడండి

రోహిణి కార్తె ఎండలు తగ్గి మృగశిర వచ్చేలోపు, అంటే జూన్ 8 దరిదాపుల్లోపు, కారుకి ఒక కోటు వ్యాక్స్ పడితే మంచిదే. వాన నీళ్లు పెయింట్ మీద నిలవకుండా జారిపోతాయి. కాకపోతే వ్యాక్స్ మురికిని పోగొట్టదు, తన కింద దాచేస్తుంది. పైగా సరిగ్గా కడగని బాడీ మీద గుడ్డపెట్టి రుద్దితే వచ్చే గీతలు మెరుపుతో పాటు ఇంకా బాగా కనిపిస్తాయి.

ఇప్పటి కార్లకు రంగు మీద క్లియర్ కోట్ అనే పారదర్శకమైన పొర ఉంటుంది. దాని మందం సుమారు 40-50 మైక్రాన్లు, అంటే తల వెంట్రుక కంటే సన్నం. ఎండాకాలమంతా పేరుకున్న దుమ్ములో ఇసుక రేణువులుంటాయి, అవి ఆ పొర కంటే గట్టివి. అందుకే పొద్దున్నే పొడిగుడ్డతో దులిపే అలవాటు మానిపించాలి. డ్రైవరైనా వాచ్‌మనైనా మంచి మనసుతోనే చేస్తారు, పాడయ్యేది మాత్రం మన పెయింటే.

ముందు పైపుతో నీళ్లు కొట్టి దుమ్ము వదిలించండి. తర్వాత రెండు బకెట్లు పెట్టుకోండి, ఒకదాంట్లో కారు షాంపూ, ఇంకోదాంట్లో గుడ్డ జాడించుకోవడానికి ఉత్త నీళ్లు. టాప్ నుంచి కిందికి రావాలి. చక్రాలకు వాడిన గుడ్డ బానెట్ మీదికి రాకూడదు. గిన్నెలు తోమే లిక్విడ్ పాత వ్యాక్స్‌ని బాగానే వదిలిస్తుంది. వ్యాక్స్ వేసే ముందు ఒకసారి అయితే సరే, వారం వారం వద్దు.

మన దగ్గర అసలు తలనొప్పి బోరు నీళ్లు. కడిగి ఎండలో వదిలేస్తే కాల్షియం, మెగ్నీషియం లవణాలు తెల్లటి చుక్కలుగా మిగిలిపోతాయి. నీడలో కడిగి, ఒక్కో భాగం ఆరేలోపే మైక్రోఫైబర్ గుడ్డతో తుడవాలి. పాత మచ్చలుంటే తెల్ల వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి, గుడ్డ తడిపి ఒక నిమిషం ఉంచి, వెంటనే మంచినీళ్లతో కడిగేయండి. అప్పటికీ పోలేదంటే ఆ మచ్చ క్లియర్ కోట్‌లోకి దిగిందని అర్థం, గట్టిగా రుద్ది లాభం లేదు.

పిట్ట రెట్టని గోటితో గీకొద్దు. తడిగుడ్డ పది నిమిషాలు వేసి నానాక ఎత్తేయండి. తలుపుల కింది అంచున, చక్రాల వెనక తారు చుక్కలుంటే టార్ రిమూవర్ వాడండి. చాలామంది కిరోసిన్ వాడతారు. అది వాడినా రబ్బరు బీడింగ్‌కి తగలనివ్వకండి, వెంటనే షాంపూతో కడిగేయండి.

ఇప్పుడు పల్చటి ప్లాస్టిక్ కవర్‌లో చెయ్యి పెట్టి, కడిగిన బానెట్ మీద మెల్లగా జరపండి. కంటికి నున్నగా కనిపించిన చోట కూడా వేళ్లకి గరగరమంటుంది. రైలు పట్టాల పక్కన, ఫ్యాక్టరీల దగ్గర పార్క్ చేసే బండ్లకి ఇది ఎక్కువ. గాల్లో వచ్చిన ఇనుప రజను, బ్రేకుల రజను పెయింట్‌కి అతుక్కుని తుప్పు పడతాయి. తెల్ల కార్ల మీద నారింజ రంగు చుక్కలు కనిపించేది దానివల్లే. ఐరన్ రిమూవర్ కొడితే ఊదారంగు కారుతుంది. వాసన భరించలేం కానీ పని చేస్తుంది. ఆరిపోకముందే కడిగేయాలి. ఇంకా గరుకుంటే క్లే బార్, అంటే అతుక్కున్న మురికిని లాగేసే మెత్తటి బంకమట్టి లాంటి ముద్ద, వాడాలి. షాంపూ నీళ్లు ధారాళంగా చల్లుతూ, బరువు వేయకుండా, నిలువుగా అడ్డంగా జరపాలి, గుండ్రంగా కాదు. మురికైన వైపుని లోపలికి మడుస్తూ ఉండండి. క్లే నేల మీద పడిందా, డబ్బులు పోయాయనుకుని పారేయండి.

ఎండలో బానెట్ మీద సాలెగూడులా కనిపించే సన్నటి గీతలు క్లేతో పోవు, వాటికి పాలిష్ చేయాలి. పాలిష్ అంటే క్లియర్ కోట్‌ని కొంచెం అరగదీయడమే. వ్యాక్స్ వేసిన ప్రతిసారీ రబ్బింగ్ కాంపౌండ్ (పొరని అరగదీసే పేస్టు) పట్టిస్తామనే షాపులకు దండం పెట్టి వచ్చేయండి. ముఖ్యంగా అంచుల్లో, మడతల్లో ఆ పొర పల్చగా ఉంటుంది, మెషిన్ ఒక్క క్షణం ఎక్కువ నిలిస్తే రంగు తేలిపోతుంది.

కొత్తగా డెంటింగ్, పెయింటింగ్ చేయించిన డోరు ఉంటే దానికి ఇప్పుడే వ్యాక్స్ వద్దు. లోపలి సాల్వెంట్ పూర్తిగా ఆవిరవ్వాలి, మామూలుగా నెల నుంచి రెండు నెలలు ఆగమంటారు. ఎన్నాళ్లన్నది పెయింటర్‌నే అడగండి. మ్యాట్ ఫినిష్ కారుకైతే మామూలు వ్యాక్స్ ఊసే ఎత్తొద్దు.

చివరగా నల్ల ప్లాస్టిక్ భాగాలకు మాస్కింగ్ టేప్ వేయండి, వ్యాక్స్ తగిలితే తెల్లటి మరకలు ఓ పట్టాన పోవు. బాడీ మీద చెయ్యి పెడితే చల్లగా ఉండాలి. తలుపులు, డిక్కీ తెరిచి అంచులు తుడిచి, అద్దాల సందుల్లో, హ్యాండిల్స్ వెనక దాగిన నీళ్లు కారిపోయేదాకా కాసేపు ఆగి, అప్పుడు డబ్బా మూత తీయండి.