ఫుట్‌పాత్‌లపై ఉండేవారికి భోజనం: చెన్నైలోని మన సంఘాలు పాటించదగిన పద్ధతి

చెన్నైలోని మన తెలుగు క్రైస్తవ సంఘాలు చాలావరకు క్రిస్మస్‌కో, ఈస్టర్‌కో, సంఘ వార్షికోత్సవానికో అన్నం పొట్లాలు పంచుతాయి. ఆ రోజుల్లో సెంట్రల్ స్టేషన్ పరిసరాల్లో ఒక్కొక్కరి దగ్గర మూడు నాలుగు పొట్లాలు పోగై, తినలేక పాడైపోతాయి. తరువాతి మంగళవారం రాత్రి అదే మనిషి పస్తు పడుకుంటాడు. అందుచేత ఈ సేవ మొదలుపెట్టేవారు ముందుగా నిర్ణయించుకోవలసింది ఏం వండాలన్నది కాదు, ఏ రోజు వెళ్ళాలన్నది. వారం మధ్యలో ఒక రోజు, ఒకే వేళ, ఒకే వీధి అనుకొని, ఇరవై పొట్లాలే అయినా ఏడాది పొడవునా మానకుండా తీసుకువెళ్ళడం, ఏడాదికొకసారి వెయ్యి పొట్లాలు పంచడం కన్నా ఎక్కువ మేలు చేస్తుందని నా గట్టి నమ్మకం. మీరు తప్పక వస్తారని తెలిసినవారు ఆ పూట చేతిలో ఉన్న చిల్లరను మందులకో మరో అవసరానికో దాచుకోగలరు.

పొయ్యి వెలిగించే ముందు రెండు మూడు రాత్రులు ఉత్త చేతులతో ఆ వీధిలో నడిచి చూడండి. ప్యారిస్ కార్నర్ వైపు ఫుట్‌పాత్‌ల మీద తరతరాలుగా కాపురముంటున్న కుటుంబాలు ఉన్నాయి. వారిలో చాలామందికి సొంత పొయ్యి, గిన్నెలు ఉంటాయి కాబట్టి వండిన అన్నం కన్నా బియ్యం, పప్పు, పిల్లలకు పాలు ఉపయోగపడవచ్చు, అడిగి తెలుసుకోవాలి. సెంట్రల్ ఎదుట ఉన్న రాజీవ్ గాంధీ ప్రభుత్వ ఆసుపత్రి దగ్గర రాత్రిళ్ళు పడుకునేవారిలో దూర ప్రాంతాల నుంచి వచ్చిన రోగుల బంధువులూ ఉంటారు. మనం ముఖ్యంగా వెతకవలసింది మాత్రం ఒంటరి వృద్ధులను, కాలి పుండ్లతో లేవలేనివారిని, మతిస్థిమితం లేనివారిని. 2013లో నగరపాలక సంస్థ ప్రారంభించిన చౌక భోజనశాల అమ్మ ఉణవగంలో ఒక్క రూపాయికే ఇడ్లీ పెడతారు గాని, అక్కడిదాకా నడిచి వెళ్ళగలిగినవారికే అది అందుతుంది. ఎవరెవరు ఎక్కడ పడుకుంటారో, ఎవరికి పళ్ళు లేవో, ఎవరికి చక్కెర వ్యాధి ఉందో ఒక చిన్న నోటుపుస్తకంలో రాసుకోండి. ఆ ప్రాంతపు పోలీస్ స్టేషన్‌లో కూడా ముందే ఒక మాట చెప్పి ఉంచడం మంచిది.

వంట విషయంలో ఆడంబరం వద్దు. కిలో బియ్యానికి ఎనిమిది పొట్లాలు అనుకుంటే సరిపోతుంది. మెత్తగా ఉడికించిన సాంబారన్నం ముసలివారు సులువుగా తింటారు. పులిహోర చింతపండు పులుపు వల్ల తక్కిన అన్నాల కన్నా కొంత నిలువ ఉంటుంది. కొబ్బరి చట్నీ చెన్నై ఎండకు అన్నిటికన్నా ముందే పాడవుతుంది కనుక దాన్ని పూర్తిగా మానేయండి. పెరుగన్నం కలిపితే చివరగా కలపండి. ఉడికించిన గుడ్డు పెంకుతోనే ఇవ్వండి, అప్పుడది తినేవేళ వరకూ శుభ్రంగా ఉంటుంది. అన్నం విషయంలో ఒక్క ప్రమాదం అందరికీ తెలిసి ఉండాలి. ఉడికినా చావని ఒక రకం సూక్ష్మజీవుల బీజాలు గోరువెచ్చని అన్నంలో పెరిగి విషాన్ని తయారుచేస్తాయి, మళ్ళీ వేడిచేసినా ఆ విషం పోదు. కాబట్టి మధ్యాహ్నం వండి రాత్రికి తీసుకువెళ్ళే అలవాటు వద్దు. అన్నం పొగలు కక్కుతుండగానే హాట్‌బాక్సుల్లోకి ఎత్తి, వండిన నాలుగు గంటలలోపు అందరూ తినేలా చూసుకోండి. పొట్లం ఇస్తూ, దీన్ని ఇప్పుడే తినాలనీ, రేపటికి దాచుకోవద్దనీ చెప్పండి. రేపటి కోసం అరటిపండో బిస్కెట్ పాకెట్టో వేరుగా ఇవ్వండి.

తమిళనాడులో 2019 జనవరి 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ సంచులు, కప్పులు, నీటి పాకెట్లు నిషేధం. అరిటాకో విస్తరాకో చాలు. పాత దినపత్రికలో మాత్రం అన్నం చుట్టవద్దు, దాని సిరా ఆహారానికి అంటుతుంది. నీళ్ళు క్యాన్‌తో తీసుకువెళ్ళి వారి సీసాల్లోనే నింపండి. తిరుగు ప్రయాణంలో ఎంగిలాకులు ఏరుకురావడం కూడా మన పనే.

పంచేటప్పుడు వ్యాను ఆపి వరుస కట్టించకండి. వరుసలో ముందుండేది బలమున్నవారే. ఇద్దరిద్దరుగా విడిపోయి, లేవలేనివారి దగ్గర నుంచి మొదలుపెట్టి, కింద కూర్చొని, రెండు చేతులతో పొట్లం అందించండి. “అయ్యా”, “అమ్మా” అని పిలిస్తే తమిళులకూ మనవారికీ ఒకేలా అర్థమవుతుంది. “సాప్టీంగళా” (భోంచేశారా) అని తమిళంలో అడగడం మన యౌవనస్థులు నేర్చుకోవాలి. నిద్రపోతున్నవారిని లేపవద్దు. అన్నం ఇస్తున్నప్పుడు ఫోటోలు తీయకండి, కరపత్రం చేతిలో పెట్టకండి. ప్రార్థన చేయమని వారే అడిగితే సంతోషంగా చేయండి. అడగకపోతే అన్నం మాత్రమే ఇవ్వండి. ఆకలిగా ఉన్న మనిషి మన ముందు దేనికీ కాదనలేడు కనుక, ఆ స్థితిని మన సువార్తకు వాడుకోవడం న్యాయం కాదు.

అన్నంతో తీరని అవసరాలు కనబడినప్పుడు ఎవరికి ఫోన్ చేయాలో బృందంలో ప్రతి ఒక్కరికీ తెలిసి ఉండాలి. స్పృహ తప్పినవారికి 108, ఒంటరి పిల్లలకు 1098, వృద్ధులకు 14567. రాత్రి ఆశ్రయం కోసం నగరపాలక సంస్థవారి 1913కి ఫోన్ చేసి అడగవచ్చు. తమను తాము చూసుకోలేక వీధుల్లో తిరిగే మానసిక రోగులను రక్షణలోకి తీసుకునే బాధ్యతను 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆ ప్రాంతపు పోలీస్ స్టేషన్ అధికారిపై పెట్టింది. ఈ సంగతి మర్యాదగా గుర్తుచేయండి. ఆశ్రయానికి రానన్నవారిని బలవంతపెట్టవద్దు, వచ్చే వారం మళ్ళీ అడగండి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలకు రోడ్ల పక్కవారంతా ఫ్లైఓవర్ల కిందికీ, దుకాణాల వసారాల్లోకీ చెదిరిపోతారు. అప్పుడు మీ నోటుపుస్తకంలోని చోట్లు పనికిరావు. ఆ వీధిలోని టీకొట్టు అతనితో ముందే పరిచయం పెంచుకుంటే, ఎవరు ఎటు వెళ్ళారో అతనే చెబుతాడు. ఆ నెలల్లో పొట్లాలు కొన్ని తగ్గించి అయినా సరే, ఆ డబ్బుతో పొడి తువ్వాళ్ళూ దుప్పట్లూ వెంట తీసుకువెళ్ళండి.