అన్నం గిన్నె వంటింట్లోనే ఉంచండి: ఇంటి భోజనంతోనే బరువు తగ్గించుకోవడం ఎలా

తెలుగు భోజనంలో అన్నం ఒక్కసారి వడ్డించుకునేది కాదు. పప్పులోకి కొంచెం, కూరలోకి కొంచెం, చారులోకో పులుసులోకో కొంచెం, ఆఖర్న పెరుగులోకి కొంచెం. ఆవకాయ కొత్తదైతే అన్నిటికంటే ముందు మరో నాలుగు ముద్దలు. ప్రతిసారీ పెట్టుకునేది కొంచెమే కాబట్టి మొత్తం ఎంతయిందో తిన్న మనిషికి తెలియదు. బరువు పెరిగామని అనుమానం రాగానే అన్నం మానేసి చపాతీలకు మారతారు. నెల తిరక్కుండా విసుగొచ్చి మళ్లీ అన్నానికే వస్తారు, తగ్గిన రెండు కిలోలూ తిరిగొస్తాయి. మానాల్సింది అన్నం కాదు, మారు వడ్డన.

ముందు టేపు, తర్వాత తూకం

కుట్టుపనికి వాడే టేపు చాలు. పొద్దున్నే పరగడుపున నిలబడి, పక్కటెముకల్లో చివరిదానికీ నడుము పక్కన తగిలే తుంటి ఎముక పైఅంచుకూ సరిగ్గా మధ్యలో టేపు చుట్టండి. పొట్ట లోపలికి పీల్చకుండా, మామూలుగా ఊపిరి వదిలి చదవండి. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు మన దేశంలో వాడే హద్దు. అది దాటితే, తూకం ఎంత చూపించినా పొట్టలో కొవ్వు పేరుకుంటోందనే అర్థం. ప్యాంటు సైజు 34 కదా అని ధీమా పడకండి, చాలామంది ప్యాంటు బొజ్జ కింద కట్టుకుంటారు.

ఎత్తుకు తగ్గ బరువు చూడాలంటే కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగించండి. ఈ బీఎంఐ 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని భారతీయులకు లెక్క. 160 సెంటీమీటర్ల మనిషికి 59 కిలోల దగ్గర మొదటి హద్దు, 64 దగ్గర రెండోది వస్తాయి.

వారానికి అరకిలో తగ్గితే చాలు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ సురక్షితమని చెప్పే వేగం కూడా అదే. రోజుకు వెయ్యి కేలరీల కంటే తక్కువ తినే పథకాలు వద్దని కూడా ఆ సంస్థ చెబుతుంది. మొదటి వారంలోనే రెండు కిలోలు పోయాయంటే సంబరపడకండి. ఒంట్లో పిండిపదార్థం నిల్వ కరిగినప్పుడు దాన్ని పట్టుకుని ఉన్న నీరు పోతుంది, మామూలుగా తినగానే తిరిగొస్తుంది.

షుగరుకు ఇన్సులిన్ గానీ గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడుతున్నవాళ్లు అన్నం తగ్గించే ముందే డాక్టరుతో మాట్లాడాలి. తిండి తగ్గి మందు అంతే ఉంటే షుగరు ఒక్కసారిగా పడిపోతుంది. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం దాని గుర్తులు. గర్భిణులు బరువు తగ్గే ప్రయత్నం అసలు చేయకూడదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు కింద చెప్పిన మాంసకృత్తుల లెక్క డాక్టరుకు చూపించకుండా మొదలుపెట్టకూడదు.

బియ్యం దగ్గరే కొలవండి

వండిన అన్నం కొలవడం కష్టం, బియ్యం కొలవడం తేలిక. రైస్ కుక్కరుతో వచ్చే చిన్న కప్పు 180 మిల్లీలీటర్లది, అందులో బియ్యం సుమారు 150 గ్రాములు పడతాయి. ఉడికితే దాదాపు 400 గ్రాముల అన్నం, కేలరీలు 520 పైన. ఇద్దరికి మధ్యాహ్నం ఆ ఒక్క కప్పే వండండి. తలా 200 గ్రాముల అన్నం వస్తుంది. రాత్రికి అందులో సగమో, రెండు పుల్కాలో. టిఫినుకు వాడే బియ్యం, రవ్వ, పిండి కూడా కలుపుకుని రోజంతా 150 నుంచి 180 గ్రాముల ధాన్యం దగ్గర ఆగాలి. 2024లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), పోషకాహార సంస్థ కలిసి ఇచ్చిన మార్గదర్శకాల్లో 2,000 కేలరీల రోజుకు ధాన్యం 250 గ్రాములు. మనం తగ్గాలనుకుంటున్నాం కాబట్టి దానికంటే కిందే ఉండాలి. ఒంటిపని చేసేవాళ్లకు ఈ కొలత చాలదు, వాళ్లు 250 దగ్గర మొదలుపెట్టి చూసుకోవాలి.

ఇక వడ్డన. మీ వంతు అన్నం మొత్తం ఒకేసారి కంచంలో పెట్టుకోండి. గరిటెతో మూడు భాగాలు చేయండి: ఒకటి పప్పుకు, ఒకటి కూరకు, ఒకటి చారుకో పెరుగుకో. అన్నం గిన్నె బల్ల మీదికి రాకూడదు. కూర, పప్పు, పెరుగు గిన్నెలు మాత్రం రావచ్చు. కొసరు కావాలంటే వాటిలోంచి తీసుకోండి. చారు గ్లాసులో పోసుకుని తాగొచ్చు, పెరుగు కప్పులో వేసుకుని చెంచాతో తినొచ్చు. పెరుగన్నం లేనిదే భోజనం ముగియదనే వాళ్లు మూడో భాగం దానికే దాచుకుంటే సరి.

అన్నం కలిపే ముందు ఒక కప్పు కూర ఉత్తగా తినండి. దోసకాయ ముక్కలైనా, కీరా అయినా పర్వాలేదు. కూర ముందు పడితే పొట్ట కొంత నిండుతుంది, అన్నం తిన్నాక రక్తంలో షుగరు కూడా అంత ఎగబాకదు. ఆకుకూరలతో కలిపి కూరగాయలు రోజుకు 400 గ్రాములు ఉండాలి. తెలుగిళ్లలో నిజంగా కొరత ఇక్కడే. నలుగురున్న ఇంట్లో పావుకిలో బెండకాయలు వేయించి "కూర చేశాం" అంటే తలా రెండు చెంచాలు కూడా రావు. పూటకు ముప్పావుకిలో కొనండి.

రోజుకు కిలో బరువుకు ఒక గ్రాము చొప్పున మాంసకృత్తులు అందాలి. 65 కిలోల మనిషికి 65 గ్రాములు. శాకాహారంలో ఇది దానంతటదే కుదరదు, లెక్కేసుకోవాల్సిందే. ముప్పై గ్రాముల కందిపప్పులో ఆరేడు గ్రాములు, యాభై గ్రాముల పెసలతో పోసిన పెసరట్టులో పన్నెండు, పాతిక గ్రాముల మీల్ మేకర్‌లో పదమూడు, ముప్పై గ్రాముల శనగల గుగ్గిళ్లలో ఆరు, కప్పున్నర పెరుగులో పది, రోజు మొత్తం ధాన్యంలో మరో పద్నాలుగు ఉంటాయి. గుడ్డు తినేవాళ్లకు ఒక్కో గుడ్డుకు ఆరు గ్రాములు వస్తాయి. పప్పు నీళ్లలా పల్చగా కాచి గరిటెడు పోసుకుంటే అందులో పది గ్రాముల పప్పు కూడా ఉండదు, ఆ పూట తిన్నది అన్నమే.

నూనె ప్యాకెట్ల మీద తేదీ రాయండి

ఎవరు ఎంత నూనె వాడుతున్నారో అడిగితే "తక్కువే" అంటారు. ప్యాకెట్ విప్పిన రోజు దాని మీద తేదీ రాసి చూడండి. అవే మార్గదర్శకాలు చెప్పే మనిషికి రోజుకు 27 గ్రాముల లెక్కన నలుగురికి నెలకు మూడున్నర లీటర్లు అవుతుంది. బరువు తగ్గే ఇంట్లో రెండున్నర లీటర్లకు రావాలి, నెయ్యితో కలిపి. ఒక టీ చెంచా నూనె 40 నుంచి 45 కేలరీలు. డబ్బాలోంచి నేరుగా మూకుట్లోకి వంపితే ఎన్ని చెంచాలు పడ్డాయో ఎవరికీ తెలియదు. నూనె డబ్బాలో టీ చెంచా వేసి ఉంచండి.

వేపుడు మానక్కర్లేదు, పద్ధతి మార్చుకోవాలి. దొండకాయ, అరటికాయ, బీన్స్ ముక్కల్ని ఉప్పు, పసుపు వేసి ముప్పావు వంతు ఆవిరి మీద ఉడికించండి. తర్వాత మందపాటి ఇనప మూకుట్లో ముప్పావుకిలోకు ఆరు చెంచాల నూనెతో సన్నసెగన వేయించండి. అడుగంటుతుంటే నూనె కాదు, నీళ్లు చిలకరించండి. బెండకాయకు మాత్రం ఇది పనికిరాదు, ఉడికిస్తే జిగురవుతుంది. కడిగి, గుడ్డతో పూర్తిగా తుడిచి, కోసి, మూత పెట్టకుండా వేయించి, ఉప్పు దించేముందు వేయాలి. సొరకాయ పాలు పోసి, బీరకాయ పెసరపప్పుతో, కంద ఆవపెట్టి వండితే నూనె పోపు వరకే.

నూనె తగ్గించామని పల్లీలపొడి, నువ్వులపొడి, కొబ్బరి దోసిళ్లతో వేస్తే లెక్క మొదటికొస్తుంది. పల్లీల బరువులో దాదాపు సగం నూనే. ఇడ్లీలోకి పల్లీచట్నీ కప్పు నిండా వేసుకునేవాళ్లు ఇడ్లీలు లెక్కపెట్టుకుని లాభం లేదు. దాని బదులు కూరగాయలు వేసిన సాంబారు, లేదా టమాటా పచ్చడి మంచివి. ఉప్మాలో రవ్వ ఎంతో కూరగాయ ముక్కలూ అంత పడాలి. ఉప్మా పెసరట్టు అంటే ఒకే ప్లేటులో రెండు టిఫిన్లు అని గుర్తుంచుకోవాలి.

సాయంత్రం అయిదు నుంచి రాత్రి తొమ్మిది

పగలంతా పద్ధతిగా తిన్నవాళ్లు కూడా చెడేది ఈ వేళలోనే. మధ్యాహ్నం ఒంటిగంటకు తిని రాత్రి తొమ్మిదిన్నరకు టీవీ ముందు కూర్చునేదాకా ఎనిమిదిన్నర గంటల ఖాళీ. ఆ ఆకలికి మిరపకాయ బజ్జీ, పునుగులు, మిక్స్చరు ఎదురొస్తే మనోబలం గురించి మాట్లాడటం దండగ. అయిదున్నరకు ఏదో ఒకటి తినాలని ముందే నిర్ణయించుకోండి: గుగ్గిళ్లు, జామకాయ, మజ్జిగ, ఉడికించిన గుడ్డు. శనగలు ముందురాత్రే నానబెట్టి ఉండాలి. ఆకలేశాక నానబెట్టేవాళ్లు బజ్జీలబండి దగ్గర తేలతారు. రాత్రి భోజనం ఎనిమిది లోపు ముగించండి.

టీలో రెండు చెంచాల పంచదార, రోజుకు మూడు టీలు అంటే 30 గ్రాములు, 120 కేలరీలు. ఒక్కసారిగా మానితే టీ రుచించదు, వారానికి అర చెంచా చొప్పున దింపండి. బెల్లానికో తేనెకో మారితే కేలరీల్లో పెద్ద తేడా ఉండదు. పరగడుపున తేనె, నిమ్మరసం కలిపిన నీళ్లు తాగితే కొవ్వు కరగదు, ఆ తేనె కూడా లెక్కలో చేరుతుంది.

నాలుగో వడ్డన అన్నం, రెండు చెంచాల నూనె, టీల్లో సగం పంచదార, ఒక ప్లేటు బజ్జీ కలిపితే రోజుకు 400 కేలరీలు దాటుతుంది. వారానికి అరకిలో తగ్గడానికి కావాల్సింది రోజుకు 500 పైన, అందులో ఎక్కువ భాగం ఇక్కడే వచ్చేస్తుంది. ప్రత్యేకంగా డైట్ ఫుడ్ కొనాల్సిన పని ఎక్కడా లేదు.

నడక, బస్కీలు

డెబ్బై కిలోల మనిషి అరగంట చురుగ్గా నడిస్తే ఖర్చయ్యేది 140 కేలరీలు, అంటే మూడు చెంచాల నూనె. నడక అయ్యాక పార్కు గేటు దగ్గర నెయ్యి దోసె తింటే బరువు పెరుగుతుందే తప్ప తగ్గదు. అయినా నడక ఎందుకంటే, తగ్గిన బరువు తిరిగి రాకుండా పట్టుకునేది అదే. వారానికి కనీసం 150 నిమిషాలు. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, అదీ వేగం. నిమిషానికి వంద అడుగులు దాని కొలత. పొద్దున కుదరకపోతే ప్రతి భోజనం తర్వాత పది నిమిషాలు నడవండి, షుగరు ఉన్నవాళ్లకు ఇది ఇంకా మంచిది. నడుస్తుంటే ఛాతీలో పట్టేసినా, మామూలుకు మించి ఆయాసమొచ్చినా ఆపి డాక్టరును కలవాలి.

నడక ఒక్కటే చేస్తూ తిండి తగ్గిస్తే కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది. అందుకని వారానికి రెండు మూడు రోజులు, పావుగంట బలం పెంచే పని చేయండి. కుర్చీ అంచున కూర్చుని చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం పదిసార్లు. ఇవి తేలికయ్యాక కుర్చీ తీసేసి బస్కీలు. గోడకు చేతులానించి దండీలు పది. సంచిలో అయిదు కిలోల బియ్యం పెట్టి, కాస్త ముందుకు వంగి, మోచేతిని వెనక్కి లాగుతూ పొట్ట దాకా ఎత్తడం, చేతికి పది. మడమలెత్తి నిలబడటం పదిహేను. ఈ వరస రెండుసార్లు, నెల తర్వాత మూడుసార్లు. బస్కీల్లో మడమలు లేస్తున్నా, మోకాళ్లు లోపలికి వాలుతున్నా అంత కిందికి దిగకండి. ఊపిరి బిగబట్టకండి, బీపీ ఉన్నవాళ్లు మరీను.

లెక్క తప్పే చోట్లు

అన్నం బదులు జొన్న, కొర్ర, రాగి తింటే చాలని నమ్మకం బలంగా ఉంది. వాటిలో పీచు ఎక్కువ, కడుపు నిండినట్టుంటుంది, మంచివే. కానీ వంద గ్రాములకు కేలరీలు బియ్యంతో ఇంచుమించు సమానం. కొలత తగ్గకపోతే ధాన్యం మారినా ఒరిగేదేమీ లేదు. నూనె రాసి కాల్చిన నాలుగు చపాతీలు కూడా అన్నం మానినట్టు కాదు.

శనివారం ఒక్కపొద్దు పేరుతో అన్నం మాని, రాత్రి పలహారంగా పూరీలో, ఉప్మా పైన నాలుగు అరటిపళ్లో తినడం మరో తప్పు. ఒక్కపొద్దు ఉండేవాళ్లు ఉండొచ్చు, ఆ పలహారం పెసరట్టయితే మేలు.

కొంతకాలం తర్వాత తూకం నిలిచిపోవచ్చు. ఒళ్లు తేలికైనకొద్దీ దానికి కావాల్సిన శక్తీ తగ్గుతుంది కాబట్టి ఇది సహజం. ఒక్క రోజు అంకె చూసి తేల్చేయకండి. ముందురోజు పచ్చడి ఎక్కువ తిన్నా, మలబద్ధకం ఉన్నా, నెలసరి దగ్గరపడ్డా కిలో అటూఇటూ ఊగుతుంది. వారంలో నాలుగు పొద్దుల తూకం సగటు తీసి, మూడు వారాల సగటులూ కదలకపోతే అప్పుడు రెండింట్లో ఒకటి చేయండి: రాత్రి ధాన్యం మరో 20 గ్రాములు తగ్గించండి, లేదా నడక మరో పావుగంట పెంచండి. రెండూ ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. నడుము కొలత తగ్గుతూ తూకం ఆగితే ఏమీ మార్చకండి, కొవ్వు తగ్గుతూనే ఉంది. అన్నీ సరిగా చేసినా రెండు నెలలు కదలిక లేకపోతే థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి, స్టెరాయిడ్ల లాంటి మందులేవైనా వాడుతుంటే డాక్టరుకు చెప్పండి.

పెళ్లిళ్ల నెలలో తగ్గాలని చూడకండి, పెరగకుండా ఉంటే చాలు. విందుకు ఆకలితో వెళ్లొద్దు, గ్లాసు మజ్జిగ తాగి బయల్దేరండి. ఆకులో కూరలూ పప్పూ ముందు, స్వీట్లలో నిజంగా ఇష్టమైనది ఒక్కటి, బిరియానీ ఉంటే ఆ పూట తెల్లన్నం పెట్టించుకోకండి. మర్నాడు ఉపవాసం చేయొద్దు, ఆ కప్పు బియ్యం కొలతకే తిరిగి రండి.